పటం ముక్కలైంది.. కథ ఏడికి పోయింది?

చేర్యాల బొమ్మకు గిరాకీ పెరిగితే అందరికీ సంతోషమే. సిటీల డ్రాయింగ్ రూములల్ల గోడకెక్కింది, పెద్ద మీటింగులకు వచ్చినోళ్లకు గిఫ్టుగ ఇస్తున్నరు, ఆన్‌లైన్ల దొరుకుతున్నది. జీఐ గుర్తింపు కూడ ఉన్నది. ఇదంతా జూసి ‘మన కళ బతికింది’ అని మనోళ్లు స్టేటస్‌లు పెడుతుంటరు. నేనైతే సగమే బతికింది అంట.

ఆ బొమ్మ గోడ కోసం పుట్టలే. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీలు గీసింది పటం. మూడడుగుల వెడల్పు, 30 అడుగులకు పైన పొడుగుండే బట్ట. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఆరినంక కథంతా వరుసగ గీసేటోళ్లు. గీయించుకునేది కథ చెప్పేటోళ్లే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులోళ్లు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలోళ్లు.. ఒక్కో కులానికి ఒక్కో పటం. ఊరి నడుమ వేలాడదీసి, బొమ్మ ఎనుక బొమ్మ చూపిచ్చుకుంట పాడుతుంటే జనం రాత్రుళ్లు కూసునేటోళ్లు. ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్, పెద్ద పెద్ద కండ్లు ఉత్తగ రాలే. ఎనుక కూసున్న ముసలమ్మకు గూడ దేవుడెవలో, రాక్షసుడెవలో ఆనాలె కద! ఆడ అందమంటే అదే.

సినిమా, టీవీ వచ్చినంక చెప్పేటోళ్లు తగ్గిన్రు. పటం అడిగేటోడే లేకుంటే నకాశీ ఏం తినాలె? అందుకే ఫ్రేముల పట్టే చిన్న బొమ్మలకు మళ్లిన్రు: బతుకమ్మ, ఎడ్లబండి, గిట్ల. వాళ్లను తప్పు పట్టేది ఏం లేదు. కాకపోతే కొనేటోనికి కథ అక్కర లేదు, సోఫాకు రంగు కలిస్తే చాలు.

ఇంకో ముచ్చట. తోట వైకుంఠం మన తెలంగాణ పల్లె ఆడోళ్లను.. ఆ బొట్టు, ఆ చీరె రంగులను గీసి గ్యాలరీలకెక్కిచ్చిండు. గొప్ప పని, డౌటే లేదు. బరోడాల చదివొచ్చిన ఆయన ‘ఆర్టిస్ట్’. తాతల కాడ నేర్చుకున్న నకాశీ మాత్రం ‘హస్తకళాకారుడు’. ఒకరి బొమ్మకు సంతకం చూసి రేటు, ఇంకొకరి బొమ్మకు సైజు చూసి రేటు. ఈ గీత ఎవలు గీసిన్రు? మార్కెటే గీసింది, మనం గూడ ఒప్పుకున్నం.

ఇప్పుడు ఏఐని అడిగితే అర నిమిషంల ‘చేర్యాల స్టైల్’ బొమ్మ ఇస్తది. జీఐ కాపాడేది పేరును. ఆ గీతను, రంగును ఎవడన్న ఇంకో పేరుతోని అమ్ముకుంటే దానితోని ఆపుడు కష్టం. కథ మాత్రం ఏఐకి రాదు, ఎందుకంటే దాన్ని మనం ఏడ రికార్డు చేసినం గనుక?

సర్కారు గిఫ్టుల కోసం వంద ఫ్రేములు కొనే కాడ, ఒక్క నిండు పటం గీయించాలె. చెప్పేటోళ్లకు గూడ పైసలిచ్చి ఊర్లల్ల ఆడించాలె. కులసంఘాలు భవనాలు కడుతున్నయ్, ఒక పటం కొనలేవా? మన చేతుల ఫోన్లున్నయ్. పటం గూడ రీల్ లెక్కనే నిలువుగ జరుగుతది. మీ మండలంల కథ చెప్పే ముసలాయన ఇంకా ఉంటే, ఈ ఎండకాలమే పోయి మొత్తం రికార్డు చెయ్యున్రి.