సేద్యం ఇష్టమా అని అడిగారు, కూలీని మాత్రం అడగలేదు

సేద్యం మీకు ఇష్టమేనా? కేంద్ర ప్రభుత్వపు జాతీయ నమూనా సర్వే సంస్థ 2003లో రైతు కుటుంబాలను అడిగిన ప్రశ్న ఇది. 6,638 గ్రామాల్లో 51,770 ఇళ్లు తిరిగారు. వీలుంటే వేరే పని చూసుకుంటామని నూటికి 40 మంది జవాబిచ్చారు. “చూశారా, రైతుకే వ్యవసాయం మీద మోజు తీరింది. భూమి వదిలి పట్నం పోతే తప్పేముంది?” అని ఈ అంకె పట్టుకుని వాదించే పెద్దలను మేము చాలామందినే చూశాం.

వాళ్లు పక్క పేజీ తిప్పరు. సేద్యంలో లాభం లేదు గనుక ఇష్టం లేదన్నవాళ్లు నూటికి 27 మంది. అంటే మట్టి మీద విరక్తి కాదు, గిట్టడం లేదు, అంతే! అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 82 రైతు కుటుంబాలు అప్పుల్లో వున్నాయి. దేశం మొత్తం మీద సగానికి కాస్త తక్కువ. అప్పులవాడు గడపలో కూచుని వుండగా ‘నీకు సేద్యం ఇష్టమా’ అంటే ఆ రైతు ఏం చెబుతాడు? 2019 సర్వే నాటికి ఆంధ్రలో అప్పుల కుటుంబాలు 93కు చేరాయి, తెలంగాణలో 92కు. మద్దతు ధర అంటే ఏమిటో తెలిసినవాళ్లు 2003లో నూటికి 29 మందే. తెలియని ధరను రైతు ఎవరిని అడుగుతాడు?

అసలు సంగతి వేరే వుంది. ఆ సర్వేలో రైతు అంటే సొంతానిదో కౌలుదో కొంత భూమి చేతిలో వుండి సాగు చేసేవాడు. సెంటు భూమి లేని కూలీ గడప వాళ్లు తొక్కలేదు. 2013లో భూమి షరతు తీసేశారు గాని, కేవలం కూలి మీద బతికే కుటుంబాలను అప్పుడూ పక్కన పెట్టారు. 2011 జనాభా లెక్కల్లో సాగుదారులు 11.88 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు. నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, కోతలు కోసేవాళ్లు ఎక్కువమంది ఎవరో ఈ లెక్కే చెబుతోంది. సేద్యం గురించి అభిప్రాయం అడిగింది మాత్రం తక్కువమందిని!

అడిగే తీరులోనూ కిటుకు వుంటుంది. 2011-12లో మరో పెద్ద సర్వే అంటరానితనం గురించి అడిగింది. మీ ఇంట్లో పాటిస్తారా అన్నారు. లేదన్నవాళ్లను అంతటితో వదలకుండా, దళితులు మీ వంటింట్లోకి వస్తే, మీ గిన్నెలు ముట్టుకుంటే పరవాలేదా అని మళ్లీ అడిగారు. రెండూ కలిపితే నూటికి 27 ఇళ్లు ఒప్పుకున్నాయి. రెండో ప్రశ్న లేకుంటే ఎన్నో ఇళ్లు మంచివాళ్ల లెక్కలో చేరిపోయేవి. అయినా ఇది పాటించేవాడు తన గురించి తాను చెప్పుకున్న లెక్క. హోటల్లో విడిగా గ్లాసు పెట్టించుకున్నవాణ్ణి అడిగితే అంకె ఇక్కడే ఆగుతుందా?

ఆసామి అరుగు మీద కూచోబెట్టి కూలి సరిపోతోందా అంటే, సరిపోతోందనే అంటాడు కూలీ. రేపు పనికి పోవాలి గదా! అందుకే కార్యకర్తలకు మేము చెప్పేదొకటే. సర్వేవాళ్లు ఊళ్లోకి వస్తే పేటకు కూడా తీసుకురండి. ఆసామి లేనిచోట, పని దిగిన తర్వాత సాయంత్రం పూట మాట్లాడించండి. ఇష్టమా కాదా అన్నది తర్వాత. ఏడాదిలో ఎన్నాళ్లు పని దొరికింది, చేసిన పనికి డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది, అదే మడిలో ఆడమనిషికి ఎంత ఇచ్చారు, మగవాడికి ఎంత ఇచ్చారు, ఇవి ముందు రాయించండి.