సిమెంటులో బూడిద: ఎక్కడ కలవాలి?

ధర్మవరం: సిమెంటు దుకాణాల వద్ద పాత తగాదా ఒకటి యింకా తెగలేదు. "బూడిద సిమెంటు వద్దు, అసలు సరుకు ఇవ్వండి" అని మిద్దె వేసేవారు పట్టుబడుతున్నారు. పి.పి.సి. బస్తా ధర కాస్త తక్కువ కావడం చేత అది నాసిరకమనే అనుమానం బలపడింది. అనుమానం తీర్చే ఓపిక లేని దుకాణదారులు 53 గ్రేడు బస్తా చేతిలో పెట్టి పంపేస్తున్నారు. ఆ పూటకు బేరం ముగుస్తుంది గాని వర్తకానికి యిది మంచి పద్ధతి కాదు.

ఫ్యాక్టరీలో బూడిద కలపడం దొంగతనంగా జరిగే పని కాదు. భారత ప్రమాణం 1489 ప్రకారం పి.పి.సి.లో ఫ్లై యాష్ నూటికి 15 నుంచి 35 వంతుల వరకు వుండవచ్చు. ఎంత కలిపినదీ బస్తా మీద అచ్చు వేస్తారు. 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 33 న్యూటన్ల బలం రావలసిందే. సిమెంటు నీటితో కలిసినప్పుడు వెలువడే సున్నాన్ని బూడిదలోని సన్నని సిలికా పట్టుకుని గట్టిపడుతుంది. పూర్వం సున్నంలో ఇటుక పొడి, అనగా సుర్కీ, కలిపి గార నూరినదీ యిందుకే. అనంతపురం జిల్లాకు హెచ్చెల్సీ ద్వారా నీరిచ్చే తుంగభద్ర ఆనకట్ట రాతికట్టుబడిలో వాడినది సున్నం, సుర్కీలే.

ఇక బూడిద చెత్త అన్న మాట మార్కెట్టులో ఏనాడో చెల్లిపోయింది. ముద్దనూరు, ఎర్రగుంట్ల ప్రాంతంలోని రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1650 మెగావాట్లు. అక్కడి బూడిదకు ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలలో గిరాకీ వుంది. 2024 నవంబరులో తాడిపత్రి వైపు బూడిద తోలే లారీల విషయమై రేగిన వివాదం ముఖ్యమంత్రి దాకా వెళ్ళింది. ఎందుకూ పనికిరాని సరుకు కోసం ఎవరూ అంతగా కొట్లాడరు. బూడిద ఉచితమన్నా లారీ కిరాయి ఉచితం కాదు గదా!

అసలు ప్రమాదం కట్టుబడి స్థలంలో వుంది. బూడిద కలిసిన బస్తా కొని, దానిలో మళ్ళీ ఇటుక బట్టీ బూడిదో, బండల పాలిష్ పొడో కలిపి సిమెంటు మిగిల్చామనుకోవడం ఆత్మవంచన. కాంక్రీటుకు వాడే ఫ్లై యాష్‌కు 3812 ప్రమాణం వుంది. సన్నదనం, కాలకుండా మిగిలిన బొగ్గు పాలు చూస్తారు. బట్టీ బూడిదకు యీ పరీక్ష చేసేదెవరు? తాడిపత్రి బండల పొడి ముఖ్యంగా సున్నపురాయి. కాల్చిన బంకమట్టితో కలిపి ఫ్యాక్టరీలో సిమెంటు చేయడానికి 2023లో 18189 అనే ప్రమాణం వచ్చిన మాట నిజమే. అంతమాత్రాన ఆ పొడిని బేల్దారి పారతో సిమెంటు బదులు కలిపితే మిద్దె నిలవదు.

రెండవ సంగతి నీరు. ధర్మవరం వర్తకులు ముఖ్యంగా గమనించవలసినది యిదే. బూడిద సిమెంటు నిదానంగా గట్టిపడుతుంది. భారత ప్రమాణం 456 ప్రకారం వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు తడపాలి. మిశ్రమ సిమెంటుకు 14 రోజులు తడపమని సిఫారసు. యీ ప్రాంతపు ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ట్యాంకరు నీరు కొని అయిదో రోజుకే చాలించిన ఇంట్లో ఆరు నెలలకు మిద్దె కారితే, నింద నీటి మీదకు రాదు, బస్తా మీదకు వస్తుంది. ఆ పైన దుకాణదారు అరువు ఖాతా మీదకు వస్తుంది. బాకీ అడగబోయిన వానికి కారుతున్న కప్పు చూపిస్తారు.

కనుక పి.పి.సి. అమ్మేటప్పుడు 14 రోజుల మాట బిల్లు మీదనే రాసివ్వడం మేలు. నీటికి ఏ ఏర్పాటూ లేని చోట 43 గ్రేడు అమ్మి, దానికీ 10 రోజులు తప్పవని చెప్పడమే నిజాయితీ. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగింది. తగ్గింపు రెండు రకాలకూ ఒక్కటే గనుక, పన్ను చూపి ఒక రకాన్ని మెచ్చుకునే వీలు లేదు.

సెంట్రింగ్ వారి పేచీ ఒకటి మిగిలింది. బూడిద సిమెంటు వాడిన మిద్దెకు పోట్లు తొందరపడి తీయరాదు. రోజులు పెరిగితే అద్దె పెరుగుతుంది. ఆ అద్దె యజమానిదా, మేస్త్రీదా అన్నది కాంక్రీటు పోయకముందే తేల్చుకోవాలి. పోసిన తర్వాత తేల్చబోతే పోట్లు ముందే ఊడుతున్నాయి.