ప్యాంటుకి అంటుకున్న ఉత్తరేణి

వినాయక చవితి సెలవు అయిన మరుసటి వారం, ఆరో తరగతి పిల్లాడొకడు బంతి కోసం గ్రౌండ్ చివరి పొదల్లోకి వెళ్లి ప్యాంటు నిండా గింజలు అంటించుకుని వచ్చాడు. "ఇవేంటి మేడమ్?" అన్నాడు. "ఏదో పిచ్చిమొక్క, దులుపుకో" అన్నాను. పక్కనే ఉన్న ఆయమ్మ నవ్వింది. "ఉత్తరేణి మేడమ్! మొన్న పూజలో పెట్టింటారు కదా."

నిజమే. మా ఇంట్లో పుస్తకం చూసి ఇరవై ఒక్క పత్రుల్లో అపామార్గం పేరు చదివింది నేనే. అపామార్గమంటే ఉత్తరేణి అని తెలియదు. ఆకులు బజారు నుంచి కట్టగా వచ్చాయి, దేవుడి ముందుకు వెళ్లాయి, అంతే. ఇంగ్లీషు క్లాసులో మాత్రం డాఫొడిల్ పువ్వు గురించి అరగంట చెప్పగలను. దాన్ని నేనూ చూడలేదు, పిల్లలూ చూడలేదు.

"గుంతకల్లులో ఎండ, కంపచెట్లు తప్ప చూడ్డానికి ఏముంది?" అని ఒక పేరెంట్ అడిగారు. చాలా ఉంది సార్. మన జిల్లా మొక్కల మీదే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఆచార్యులు పుల్లయ్య గారు, యశోద గారితో కలిసి 1989లో ఒక పుస్తకం తెచ్చారు. ఒక్క వాన పడితే చాలు, పల్లేరు నేలంతా పాకి పసుపుపచ్చగా పూస్తుంది. నీళ్లు లేని గట్టు మీద తంగేడు పూస్తుంది. తుమ్మి పువ్వుల చుట్టూ తేనెటీగలు తిరుగుతుంటాయి.

పిల్లల్ని బయట తిప్పితే పురుగూ పుట్రా అని మీకు భయం. నాకూ ఉంది. కానీ భయముంటే మొక్కలు ఇంకా బాగా తెలియాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉమ్మెత్త కాయ విషం. (ఈ రెండూ ఆ పత్రి కట్టలో ఉండేవే!) కాంగ్రెస్ గడ్డి తగిలితే కొందరికి ఒళ్లు దద్దుర్లొస్తాయి. గుర్తుపట్టగలిగిన పిల్లలే వీటికి దూరంగా ఉంటారు.

ఇది సిలబస్‌లో లేదు, మార్కులూ రావు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. శనివారం ఒక్కరోజు వ్యాను ఒక వీధి ముందే దింపితే ఒప్పుకోండి. అక్కడి నుంచి అవ్వతోనో తాతతోనో నడిపించండి. పేర్లు చాలావరకు వాళ్ల దగ్గరే ఉన్నాయి, మనం అడిగి రాసుకోలేదు.

ఆ పిల్లాడి నోట్‌బుక్‌లో ఇప్పటికి పద్నాలుగు పేర్లున్నాయి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఒకచోట మాత్రం ప్రశ్న గుర్తు ఉంది. నీలి పువ్వు, చొక్కా గుండీ కన్నా చిన్నది, నేల మీద పాకుతుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆయమ్మకూ తెలియలేదు. మీ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే స్కూల్ డైరీలో రాసి పంపండి.