చేతికి పని చెప్పు పుస్తకము

ఈత నేర్వగోరువాడు గట్టుపై కూర్చుండి ఎన్ని మాటలు విన్నను ఈదజాలడు. నీటిలోనికి దిగవలసినదే. విద్యుత్పరికరములను స్వయముగా నిర్మించు విద్యయు అట్టిదే. చిన్న రేడియోనో, పాట వినిపించు యాంప్లిఫయరునో తన చేతులతో కూర్చి, దానినుండి మొదటి ధ్వనిని విన్న బాలుని ఆనందము ఇంతింతనరానిది. కాని ఆ ఆనందమును చవిచూడకమునుపే అనేకులు ఈ విద్యను విడిచిపెట్టుచున్నారు. వారి బుద్ధిమాంద్యము దీనికి కారణము కాదు. పెక్కు సందర్భములలో వారు మొదట చేపట్టిన పుస్తకము వారికి తగినది కాకపోవుటయే కారణము.

ఎలక్ట్రానిక్సుపై మక్కువ గల విద్యార్థికి పెద్దలు తఱచుగా పేర్కొను గ్రంథము “ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్”. హార్వర్డు విశ్వవిద్యాలయమున చెప్పిన పాఠములనుండి పుట్టిన ఈ గ్రంథమును పాల్ హోరోవిట్జ్, విన్‌ఫీల్డ్ హిల్ అనువారు రచించిరి. అది 1980లో మొదట వెలువడినది. 2015లో వచ్చిన మూడవ కూర్పునకు వేయికి పైగా పుటలు కలవు. అది మహాగ్రంథమనుటలో సందేహము లేదు. అయినను, ఓమ్ నియమము ఇంకను పట్టువడని బాలుడు దానితో ఆరంభించుట నేల విడిచి సాముచేయుట. అతడు పది పుటలు చదువును; పదునొకండవ పుటయొద్ద ఆగును; “ఈ విద్య నాకు రాదు” అని తలంచి పుస్తకమును మూసివేయును. ఇందు గ్రంథముయొక్క దోషము లేదు, బాలుని దోషమును లేదు. దోషమెల్ల ఎన్నికలోనే ఉన్నది.

దీనికి భిన్నమైన పుస్తకమొకటి 1983లో అమెరికాలో వెలువడినది. రేడియో షాక్ అను దుకాణముల సంస్థకొఱకు ఫారెస్ట్ మిమ్స్ అను నతడు “గెటింగ్ స్టార్టెడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్” అను చిన్న పుస్తకమును రచించెను. అతడు కళాశాలలో చదివినది ఇంజనీరింగు కాదు, ప్రభుత్వ పాలనాశాస్త్రము. పుస్తకములోని అక్షరములను చేతితోనే వ్రాసెను. వలయముల బొమ్మలు చూచినంతనే బోధపడును. స్వయముగా చేసి నేర్చినవాడు క్రొత్తవాని సందేహములను ఎఱిగియుండును. ఆ పుస్తకమునకు లక్షలాది పాఠకులు లభించుటకు కారణమిదియే. 2009లో ఛార్లెస్ ప్లాట్ రచించిన “మేక్: ఎలక్ట్రానిక్స్” అను పుస్తకము గూడ ముందు ప్రయోగమును చేయించి, పిమ్మట సూత్రమును చెప్పును.

అయితే చేయించుట ఒక్కటియే చాలదు. ‘ఇది ఇచట పెట్టుము, అది అచట అతుకుము’ అని మాత్రమే చెప్పు పుస్తకము వంటవానికి దినుసుల పట్టికను ఇచ్చినట్లుండును. వలయము పనిచేసినంతవఱకు బాగే. పనిచేయనినాడు విద్యార్థికి దిక్కు తోచదు. మంచి పుస్తకము ప్రతి వస్తువునకును కారణమును చెప్పును. 9 వోల్టుల బ్యాటరీతో ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపమును వెలిగించుటకు 470 ఓముల నిరోధకమును వాడుమని చెప్పినచో, ఆ 470 ఎక్కడినుండి వచ్చినది? దీపము సుమారు 2 వోల్టులను తీసికొనును, మిగిలినవి 7. ప్రవాహము 15 మిల్లీ ఆంపియర్లకు మించరాదనుకొన్నచో, 7ను 0.015చే భాగింపగా సుమారు 467 వచ్చును. అంగడిలో దొరకు సమీపపు విలువ 470. ఈ లెక్క తెలిసిన విద్యార్థి రేపు 12 వోల్టుల బ్యాటరీ దొరికినను వెఱవడు.

ధ్వనిపరికరముల విషయమును ఇంతే. ఎల్.ఎమ్. 386 అను ఎనిమిది కాళ్ల చిన్న చిప్పుతో, బ్యాటరీపై నడచు యాంప్లిఫయరును ఎవరైనను నిర్మింపవచ్చును. దాని ఫలితమునకును స్పీకరునకును నడుమ సుమారు 220 మైక్రోఫారడుల కెపాసిటరు ఉండును. అది లేనిచో ఏకదిశా విద్యుత్తు నిరంతరము స్పీకరు తీగచుట్టలో ప్రవహించి దానిని వేడెక్కించును. దానికి బదులు 22 మైక్రోఫారడులది పెట్టినచో, 8 ఓముల స్పీకరులో సుమారు 900 హెర్ట్జులకు దిగువనున్న స్వరములు క్షీణించును. మృదంగపు ఎడమవైపు గంభీరనాదము వినబడదు. ఇట్టి కారణములను చెప్పు పుస్తకమే గురువు. అవి చెప్పనిది పట్టిక మాత్రమే.

పుస్తకముయొక్క దేశకాలములను గూడ గమనింపవలెను. 1960 ప్రాంతపు పుస్తకములలో జర్మేనియం ట్రాన్సిస్టరులు ఎక్కువగా కనబడును. నేడు అంగళ్లలో దొరకునవి సిలికానువి. మొదటిది సుమారు 0.2 వోల్టులయొద్దను, రెండవది సుమారు 0.6 వోల్టులయొద్దను పనికి ఉపక్రమించును. కావున ఒకదాని స్థానమున మరియొకటి పెట్టినచో వలయము మూగవోవచ్చును. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీవంటి చోటికి పోయి భాగముల పట్టికను చూపినచో, అందు చాలభాగము దొరకు పుస్తకమునే ఎన్నుకొనుట మేలు. అమెరికా గృహములలో విద్యుత్తు 120 వోల్టులు, మనదేశమున 230. అచటి ట్రాన్స్‌ఫార్మరును ఇచటి గోడకు తగిలించినచో అది మాడిపోవును. పాత వాల్వు రేడియోలలో రెండు మూడు వందల వోల్టులుండును. మీట కట్టినపిదపను కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున మొదటి పుస్తకము బ్యాటరీని దాటరాదు.

ఫోనులో వీడియోలుండగా పుస్తకమెందులకని కొందఱందురు. అతుకుట ఎట్లో కన్నులార చూచుటకు వీడియో ఉపకరించును. కాని అది పరుగిడును; పుస్తకము వేచియుండును. తప్పు ఎచట జరిగినదో వెదకువానికి వేచియుండు గురువు కావలెను. ఈ పుస్తకములలో పెక్కు ఆంగ్లమున ఉండుటచే కొందఱు బాలబాలికలు సంకోచింతురు. వలయచిహ్నములకు భాషాభేదము లేదు. చదివినదానిని, చేసినదానిని, చెడినదానిని తెలుగున ఒక పుస్తకములో వ్రాసికొనువారికి విషయము స్పష్టమగును. ఏదో యొకనాడు ఆ వ్రాతయే మరియొక తెలుగు బాలునికి మొదటి పుస్తకము కావచ్చును.

మహాగ్రంథములు ఎచటికిని పోవు. చిన్న పుస్తకముతో పది వలయములను కట్టి, వానిలో మూడింటిని చెడగొట్టి, మరల బాగుచేసిన విద్యార్థికి అవి తమంతట తామే తెఱచుకొనును. అంతవఱకు కొలువదగినది పుస్తకముయొక్క బరువు కాదు, అది చేతికి చెప్పు పని.