పాయింట్లు వేయని ఆటగాడి లెక్క రాసేదెవరు?

జిల్లా టోర్నమెంట్లలో స్కోరర్ టేబుల్ దగ్గర కూర్చునే వ్యాయామ ఉపాధ్యాయుణ్ని నేను. బాస్కెట్‌బాల్ అధికారిక స్కోర్ షీట్‌లో ఎవరెన్ని పాయింట్లు వేశారో, ఎవరికెన్ని ఫౌల్స్ పడ్డాయో, ఏ జట్టు ఎప్పుడు టైమ్‌అవుట్ అడిగిందో రాయడానికి గళ్లుంటాయి. రీబౌండ్‌కు గడి లేదు. ఎదుటి జట్టులో మేటి షూటర్‌ను ఆటంతా కట్టడి చేసిన పిల్లకు అసలే లేదు. అందుకే, అడ్వాన్స్‌డ్ స్టాటిస్టిక్స్ వచ్చి ఆటను అంకెలపాలు చేశాయని ఎవరన్నా నేను ఒప్పుకోను. అంతకుముందూ అంకెలే రాజ్యమేలాయి. కాకపోతే అవి అరకొర అంకెలు.

ఎన్‌బీఏనే చూడండి. బ్లాక్‌లు, స్టీల్స్ అధికారికంగా లెక్కపెట్టడం 1973-74 సీజన్‌లోగానీ మొదలుకాలేదు. అప్పటికే బిల్ రసెల్ 13 సీజన్లలో బోస్టన్‌ను 11 సార్లు విజేతగా నిలిపి రిటైరైపోయాడు. షాట్లను అడ్డుకోవడంలో చరిత్రకెక్కిన ఆ మనిషి మొత్తం ఎన్ని అడ్డుకున్నాడో చెప్పే అధికారిక అంకె ఈనాటికీ లేదు.

షేన్ బాటియే పేరు మనవాళ్లలో ఎక్కువమంది విని ఉండరు. కెరీర్ మొత్తం మీద సగటు మ్యాచ్‌కు 8.6 పాయింట్లు. స్కోరు మాత్రమే చూసేవాడికి మామూలు ఆటగాడు. కానీ హ్యూస్టన్ రాకెట్స్ జనరల్ మేనేజర్ డారిల్ మోరీ ఇంకో లెక్క చూశాడు. బాటియే కోర్టులో ఉన్నప్పుడు సొంత జట్టు మెరుగవుతోంది, ఎదుటి జట్టు తడబడుతోంది. మైకేల్ లూయిస్ 2009లో న్యూయార్క్ టైమ్స్ మేగజీన్‌లో ఈ సంగతంతా వివరంగా రాశాడు. కోబీ బ్రయంట్ షాట్‌కు లేచినప్పుడు బాటియే బంతి కోసం ఎగబడేవాడు కాదు. కోబీ కళ్ల ముందుకు అరచేయి తెచ్చేవాడు. బంతికి పోతే ఫౌల్ పడుతుంది, ఫ్రీ త్రోలు చేజేతులా ఇచ్చినట్టవుతుంది. అంతకంటే అతన్ని గురి తక్కువగా ఉండే చోటికి నెట్టి, అక్కడి నుంచి వేయనివ్వడమే మేలు. ఇంత పని చేసినా బాటియే ఖాతాలో బ్లాకూ లేదు, స్టీలూ లేదు.

ఆ పనిని పట్టిచ్చింది ప్లస్-మైనస్. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు తన జట్టు వేసిన పాయింట్లలోంచి ఎదుటి జట్టు పాయింట్లు తీసేయడమే ఆ లెక్క. ఒకటి రెండు మ్యాచ్‌ల అంకెను నమ్మకూడదు, పక్కన ఆడేవాళ్లు గొప్పవాళ్లయితే వాళ్ల ఘనతా ఇతని ఖాతాలోనే పడుతుంది. అందుకే పక్కనున్న నలుగురి ప్రభావాన్నీ, ఎదుటి అయిదుగురి ప్రభావాన్నీ విడదీసే సవరించిన ప్లస్-మైనస్ వచ్చింది. దానికీ బోలెడన్ని మ్యాచ్‌లు కావాలి.

ఏ అంకైనా ఒంటరిగా తీర్పు చెప్పలేదు. 2000-01లో ఎంవీపీ అయిన అలెన్ ఐవర్సన్ సగటు 31.1 పాయింట్లు, ఫీల్డ్ గోల్స్‌లో గురి 42 శాతం. ఆ శాతం చూసి అతన్ని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ ఫిలడెల్ఫియా జట్టులో షాట్లు వేసే భారం ఇంకెవరు మోశారు? ఫైనల్‌కు చేరిన జట్టది.

మా అండర్-17 జట్టులో ఒక అమ్మాయి ఉండేది. షూటింగ్ అంతంతమాత్రం. ఎవరైనా షాట్ వేయగానే అందరూ తలెత్తి బంతిని చూస్తే, ఆమె వెనక్కి తిరిగి ఎదుటి పొడుగు అమ్మాయిని వీపుతో ఆనుకుని కదలనిచ్చేది కాదు. రీబౌండ్ పక్కనున్న అమ్మాయికి దక్కేది. ఆమె బెంచ్ మీదికి రాగానే అవే బంతులు అవతలివాళ్లకు పోయేవి. సెలక్షన్ జాబితాలో ఆమె పేరు రాలేదు. ఎక్కువ పాయింట్లు వేసినవాళ్ల పేర్లే వచ్చాయి. నాకది ఇప్పటికీ బాధే.

ఎన్‌బీఏలో లాగా స్టేడియం కప్పుకు కెమెరాలు బిగించే స్తోమత మనకు లేదు. ప్లస్-మైనస్‌కు అవేవీ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, బెంచ్ మీద ఒక విద్యార్థి చాలు. ప్లేయర్ మారిన ప్రతిసారీ అప్పటి స్కోరు రాసుకోవాలి, సీజన్ మొత్తం రాయాలి. కోచ్‌లూ, తోటి పీఈటీలూ ఈ సీజన్ నుంచే మొదలుపెట్టండి. సెలక్టర్లు జాబితా ఖరారు చేసే ముందు ఆ నోట్‌బుక్ కూడా అడిగి చూడాలి.