సోడియము పాఠము - ఇంటి భాష

“విజ్ఞానశాస్త్రము తెలుగున బోధపడదు, పిల్లవానిని ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చెదము” అని పలువురు తల్లిదండ్రులు మాతో చెప్పుచుందురు. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము, పై చదువులలో ఇంగ్లీషు. కావున వారి భయమును మేము తేలికగా చూడము. అయినను రసాయనశాస్త్రమునుండి ఒక్క పాఠము తీసికొని ఈ మాటను పరీక్షింతము.

“సోడియము గుణధర్మములను వ్రాయుము” అన్నచో విద్యార్థులు చకచక వ్రాయుదురు. అది కత్తితో కోయదగినంత మెత్తనిది, నీటికంటె తేలికైనది, 98 సెంటిగ్రేడు డిగ్రీలకడ కరగును, విద్యుత్తును ప్రసరింపజేయును. నీట పడినచో ఉదజని వెలువడి కాస్టిక్ సోడా ఏర్పడును. కావున కిరసనాయిలులో దాచవలయును. అన్నియు సరియే. “ఎందువలన?” అని అడిగినచో తరగతి మౌనము వహించును. ఏ భాషలో వల్లించినను ఈ మౌనము ఒక్కటియే.

కారణము పరమాణు నిర్మాణమున నున్నది. సోడియము పరమాణువునకు 11 ఎలక్ట్రానులు. లోపలి కక్ష్యలలో 2, 8, వెలుపల ఒక్కటి. లోపలి పదియు అడ్డుతెరవలె నిలుచుటచే ఆ ఒక్కదానిపై కేంద్రకపు పట్టు సడలియుండును. దానిని ఊడదీయుటకు పట్టిన శక్తికి రమారమి తొమ్మిది రెట్లు రెండవదానికి కావలయును. అందుచే సోడియము ఒక్కదానిని సులభముగా విడుచును, రెండవదానిని విడువదు. ఇక లోహపు ముద్దలో పరమాణువులు ఘనాకృతిగా, ఎనిమిది మూలల ఎనిమిది, నడుమ ఒకటిగా అమరియుండును. ప్రతి పరమాణువును ఉమ్మడి సొత్తుగా ఇచ్చునది ఆ ఒక్క ఎలక్ట్రానునే. కావున బంధము బలహీనము, లోహము మెత్తన. ఆ ఉమ్మడి ఎలక్ట్రానులే విద్యుత్తును మోయును.

ఈ కారణము మనస్సున నాటుటకు పిల్లవాడు అడ్డుప్రశ్న వేయవలయును, తడబడవలయును, మరల చెప్పవలయును. ఆ ధైర్యము మొదట కలుగునది ఇంటి భాషలోనే యని మా అభిప్రాయము.

పదములు కఠినమందురా? 1807లో హంఫ్రీ డేవీ కరగిన కాస్టిక్ సోడాలో విద్యుత్తును ప్రవహింపజేసి ఈ లోహమును వేరుచేసెను. సోడానుండియే సోడియమను పేరు వచ్చెను. దాని గుర్తు మాత్రము ‘నేట్రియము’ అను లాటిను పేరునుండి వచ్చినది. ఇంగ్లీషు బాలుడును దానిని క్రొత్తగా నేర్వవలసినదే. ‘ఆల్కలీ’ అరబ్బీ మాట. మన ‘క్షారలోహము’ అను మాట విన్నంతనే పొలములోని చౌడునేల, పూర్వము బట్టలుదుకుటకు వాడిన చౌడుమన్ను జ్ఞప్తికి వచ్చును. ఆ చౌడులో నున్నవి సోడియము లవణములే.

ఇంగ్లీషు వలదని గాని, తమిళము వలదని గాని మేము చెప్పుట లేదు. శాస్త్రపదములను రెండు భాషలలోను నేర్పుదము. కారణమును మాత్రము మొదట తెలుగున తెలిసికొననిండు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పులుసులో ఉప్పు వేయునపుడు, “నీట మండు సోడియము ఉప్పులో నున్నది గదా, పులుసులో ఏల మండదు?” అని బిడ్డను అడుగుడు. “అది తన ఎలక్ట్రానును ముందే క్లోరినుకు ఇచ్చివేసినదమ్మా” అని చెప్పగలిగినచో, ఆ బిడ్డకు రసాయనశాస్త్రము తెలుగున బోధపడినట్లే.