తలనొప్పి సీసాది కాదు

“నూరు శాతం అగావే” అని సీసా మీద ఉంటే మర్నాడు తల పట్టుకోనక్కర్లేదని టెకీలా ప్రియులు ఒట్టేసి చెబుతారు. ఉత్త మాట. ఆ ముద్ర లేని టెకీలా కోసం పులియబెట్టే చక్కెరలో 49 శాతం దాకా అగావే మొక్కది కాక చెరకులాంటి వాటిది కావచ్చు, తేడా రుచిలో తెలుస్తుంది. తలనొప్పి మాత్రం ప్రధానంగా మోతాదు పుణ్యమే. కాలేయం గంటకు దాదాపు ఒక చిన్న పెగ్గునే, అంటే 30 మిల్లీలీటర్లనే, అరాయించుకోగలదు. ఉప్పు నాకి, నిమ్మబద్ద కొరికి, గుటుక్కున మింగే షాట్ల పందెంలో దానికి ఆ వ్యవధి ఎక్కడిది? టెకీలా పుట్టిల్లు హలీస్కోలో రుచి తెలిసినవాళ్లు సన్నటి గ్లాసులో పోసుకుని, నారింజరసంలో కారం కలిపిన సంగ్రీతా పక్కన పెట్టుకుని, కబుర్ల మధ్య చప్పరిస్తారు. పద్ధతంటే అదీ! తాగక తప్పదనుకునేవాళ్లు ముందు కడుపునిండా తినండి, పెగ్గు పెగ్గుకీ గ్లాసుడు నీళ్లు తాగండి, రెండోదానితో ఆపండి. బండి తాళాలు మాత్రం తాగనివాళ్ల చేతికిచ్చేయండి.